కాసినో ట్రిప్పు: ముంచేది మొదటి డబ్బు కాదు, రెండో డబ్బు

"అన్నా, మనిషికి యాభై వేలు ఎత్తుకపోతాండాం. సరిపోతాదా?"

అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గర్లో మాది చిన్న ఆఫీసు. షాపులవాళ్ల జీఎస్టీ లెక్కలు, ఇన్‌కంటాక్స్ రిటర్నులు చూస్తుంటాను. ఈ మాట అడిగింది మా వీధిలో హార్డ్‌వేర్ షాపు పెట్టుకున్న పిల్లోడు. ఐదుగురు స్నేహితులు గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా పోవాలని, రెండు రాత్రులు కాసినోలో గడపాలని అనుకున్నారు. తెలివితక్కువవాడేం కాదు. పావు కిలో మేకులు అమ్మినా పుస్తకంలో రాసుకునే రకం.

"దేనికి సరిపోవాలప్పా?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "రెండు రాత్రులకు" అన్నాడు.

తిరుమలకో ఊటీకో పోయేటప్పుడు ఈ ప్రశ్నకు జవాబుంటుంది. రైలు ఇంత, రూము ఇంత, తిండి ఇంత అని కూడితే ఒక అంకె తేలుతుంది. కాసినోకు అట్లాంటి అంకె లేదు. యాభై వేలు పట్టుకుపోతే గంటలో అయిపోవచ్చు, రెండు రాత్రులు ఆడినా సగం మిగలవచ్చు. ఐదు లక్షలు పట్టుకుపోయినా అంతే. "ఎంత సరిపోతుంది" అని మొదలుపెట్టినవాడికి ఎంతైనా చాలదు. "ఎంత పోతే ఇంటికొచ్చి మామూలుగా అన్నం తినగలను" అని అడగాలి. నేను రాస్తున్నది ఆ ప్రశ్న గురించే. గెలిచే కిటుకుల కోసం చదివేవాళ్లకు ఇందులో ఏమీ దొరకదు. అట్లాంటి కిటుకులు నాకు తెలిసినంతవరకు లేవు, ఎందుకు లేవో కిందనే చెప్తాను.

ముందు చట్టం సంగతి క్లుప్తంగా. మన రాష్ట్రంలో కాసినో లేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం జూదశాల నడపడమూ నేరమే, అందులో ఆడటమూ నేరమే. 2020లో చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా దాని కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతటా నిషేధమయ్యాయి. కాబట్టి చట్టానికి లోబడి టేబుల్ ముందు కూర్చోవాలంటే మనవాళ్లకు మిగిలింది గోవా, లేదంటే సిక్కిం. డబ్బున్నవాళ్లు నేపాల్, శ్రీలంక పోతారు. గోవాలో 1976 నాటి జూద చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్ స్టార్ హోటళ్లలో మెషీన్లకు, 1996లో మళ్లీ సవరించి ఓడల మీద ఆటలకు దారి వదిలారు. పణజిలో మాండవి నది మీద దీపాలు పెట్టుకుని నిలబడే ఓడలు ఆ సవరణ వల్ల వచ్చినవే. 21 ఏళ్లు నిండనివాళ్లకు ప్రవేశం లేదు. ఇంకొక సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 2020 నుంచి గోవా జనానికి ఆడటానికి లోపలికి ప్రవేశం లేదు. ఆ ఆదాయం తీసుకునే ప్రభుత్వమే సొంత మనుషులను దూరంగా ఉంచాలనుకుంది. టికెట్ బుక్ చేసే ముందు ఈ ఒక్క విషయం గురించి ఆలోచించమని పిల్లోడికి కూడా చెప్పాను.

మట్కా తెలిసినవాడికి కాసినో తెలిసినట్టే

తాడిపత్రి, గుంతకల్లు, ప్రొద్దుటూరు వైపు పెరిగినవాళ్లకు మట్కా చీటీ గురించి వివరించక్కర్లేదు. రెండంకెల మీద రూపాయి పెడితే, తగిలితే 80 రూపాయలిస్తామంటాడు బీటరు. వినడానికి బంగారంలా ఉంటుంది. సున్నా సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా ఉన్నవి 100 అంకెలు. వందమంది తలా ఒక అంకె మీద రూపాయి పెడితే వాడికి వచ్చేది 100, ఇచ్చేది 80. ఏ అంకె తగిలినా వాడికి ఒకటే. వాడు ఆడటం లేదు, వసూలు చేస్తున్నాడు.

కాసినో కూడా ఇదే చేస్తుంది. దాని వాటా తక్కువ, దానికి లైసెన్సు ఉంది, లోపల ఏసీ ఉంది. రౌలెట్ అనే ఆటలో గోళీ తిరిగి ఆగే చక్రానికి సున్నాతో కలిపి 37 గళ్లుంటాయి. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే పెట్టింది వెనక్కిచ్చి, దానికి 35 రెట్లు ఇస్తారు. అంటే 37 రూపాయలు వసూలు చేసి 36 తిరిగిస్తున్నారు. వందకు 2 రూపాయల 70 పైసలు కాసినోది. రెండు సున్నాలున్న చక్రమైతే గళ్లు 38, వాటా 5 రూపాయల 26 పైసలు. కూర్చునే ముందు చక్రంలో సున్నాలెన్నో చూసుకోవడం, కాసినోలో మన చేతిలో ఉన్న కొద్ది పనుల్లో ఒకటి. మన ఊళ్ల లోనాబయట, అంటే అందర్ బాహర్‌లో ముక్క ముందు పడే వైపు గెలిచే అవకాశం వందకు 51న్నర దాకా ఉంటుంది. అందుకని ఆ వైపు గెలిస్తే రూపాయికి 90 పైసలే ఇస్తారు. కాసినో వాటా 2 శాతం పైన తేలుతుంది. బకారా అనే పేకాటలో బ్యాంకర్ వైపు పెడితే 1.06 శాతం. అదే టేబుల్ మీద "టై" అనే గడి మీద పెడితే 14 శాతం దాటుతుంది. బ్లాక్‌జాక్ అనే ఇంకో పేకాటను ఏ ముక్కకు ఏం చేయాలో పట్టిక బట్టీపట్టి ఆడితే అర శాతానికి దగ్గరగా తగ్గించవచ్చు. బట్టీపట్టకుండా "నాకు అనిపించింది" అని ఆడేవాళ్ల మీద అది పెరిగిపోతుంది. స్లాట్ మెషీన్ వాటా ఎంతో మెషీన్ మీద రాసి ఉండదు. అందుకే నేను ఎవరికీ అది చెప్పను.

"రెండు శాతమే కదా అన్నా, మా షాపులో పెయింటు డబ్బా మీద దానికంటే ఎక్కువ మిగుల్తాది" అన్నాడు పిల్లోడు. మంచి ప్రశ్న. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మట్కా అంకె రోజుకు ఒకటి రెండుసార్లే తీస్తారు. రౌలెట్ చక్రం గంటకు 40 సార్లు తిరుగుతుందనుకోండి. వాటా తీసేది మనం తెచ్చిన డబ్బు మీద కాదు, పెట్టిన ప్రతి పందెం మీద. ఒక్కోసారి 500 చొప్పున ఐదు గంటలు ఆడితే 200 పందేలు, లక్ష రూపాయల ఆట. మన జేబులో ఉన్నది 20 వేలే కావచ్చు, ఆ 20 వేలే టేబుల్ మీద ఐదుసార్లు తిరిగింది. లక్షలో 2.7 శాతం అంటే 2,700. ఆ రాత్రికి సగటు ఖర్చు అది.

సగటు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, బడ్జెట్ అంతా ఇక్కడే ఉంది. ఏ రాత్రీ సరిగ్గా 2,700 పోదు. గళ్ల రంగు మీద, అంటే ఎరుపు లేదా నలుపు మీద, 500 చొప్పున 200 సార్లు పెడితే, వంద రాత్రుల్లో 95 రాత్రులు ఫలితం 17 వేల నష్టానికీ 11 వేల లాభానికీ మధ్యలో ఎక్కడో తేలుతుంది. ఒక్క అంకె మీద పెట్టే అలవాటున్నవాడికి సగటు అదే 2,700, కానీ ఎగుడుదిగుడు దాదాపు ఆరు రెట్లు. అందుకే స్నేహితులిద్దరు ఒకే టేబుల్ దగ్గర ఒకే మొత్తంతో ఆడి, ఒకడు ఏడుస్తూ, ఇంకొకడు ఎగురుకుంటూ బయటికొస్తారు. ఇంకో సంగతి. ఈ లెక్కనే చూస్తే మూడు రాత్రుల్లో ఒక రాత్రి మనిషి లాభంతోనే లేస్తాడు. మనకు ఫోన్ చేసి చెప్పేది ఆ రాత్రి గురించే.

పన్నులు, ఎవరూ ముందు చెప్పని ఖర్చు

నా వృత్తి ఇదే కాబట్టి ఇది కొంచెం పట్టించుకుని చెప్తాను. 2023 అక్టోబరు 1 నుంచి కాసినోలో చిప్స్, అంటే డబ్బుకు బదులు టేబుల్ మీద పెట్టే బిళ్లలు, కొన్న మొత్తం విలువ మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. పన్ను పడేది గెలుపు మీద కాదు, కొనుగోలు మీద. మిగిలిన చిప్స్ వెనక్కిచ్చినా కట్టిన పన్ను తిరిగి రాదు. గెలిచిన చిప్స్‌తో మళ్లీ ఆడితే మాత్రం కొత్తగా పన్ను లేదు.

పన్నును విడిగా కలిపి తీసుకునే కౌంటర్ దగ్గర 20 వేలు ఇస్తే చేతికొచ్చేది 14,286 రూపాయల చిప్స్. ముక్క పడకముందే, చక్రం తిరగకముందే 5,714 పోయాయి. రాత్రంతా ఆడితే కాసినో తీసుకునే సగటు వాటా కంటే ఇది రెండింతలు ఎక్కువ. పైన మూడింట ఒక రాత్రి లాభం అన్నాను కదా, ఈ పన్ను కూడా కలుపుకుంటే మహా అయితే ఎనిమిది తొమ్మిది రాత్రులకు ఒక రాత్రి. కొన్నిచోట్ల పన్నును ప్యాకేజీలోనే కలిపి చెప్తారు. కాబట్టి కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా అడగండి: "నేను ఇంత ఇస్తే నా చేతికి ఎంత విలువ చిప్స్ వస్తాయి?" టికెట్‌తో పాటు ఇచ్చే ఉచిత చిప్స్ గురించి కూడా అడగండి. అవి సాధారణంగా ఒకసారి ఆడటానికే పనికొస్తాయి, డబ్బుగా మారవు.

ఇక గెలిస్తే ఇన్‌కంటాక్స్. జూదంలో గెలిచిన దాని మీద 30 శాతం, దానిపై సెస్సుతో కలిపి 31.2 శాతం. జీతం తక్కువైనా, పన్ను పరిధిలోకి రాకపోయినా ఈ శాతం తగ్గదు. పోగొట్టుకున్నది గెలుపులోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. ఏడాదిలో లక్ష పోయి, ఒక రాత్రి 40 వేలు గెలిచినవాడు ఆ 40 వేల మీద 12,480 కట్టాలి. మార్చిలో ఈ మాట చెప్పినప్పుడు నా ముందు కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖాలు చూడలేక నేను కాగితాల వైపు తిరిగిన రోజులున్నాయి.

రెండో డబ్బు

2017 ఏప్రిల్‌లో నేనూ పోయాను. బడ్జెట్ లేకుండా పోలేదు. 15 వేలు కవర్‌లో పెట్టుకుని, పైన "ఆటకు" అని రాసుకున్నాను. రాత్రి పదకొండు కాకముందే కవర్ ఖాళీ. అప్పుడు టేబుల్ పక్కన నిలబడ్డాను. స్నేహితులు ఆడుతున్నారు, ఇంకా నాలుగు గంటలుంది, చేతుల్లో ఏమీ లేదు. ఆ ఖాళీ చేతులను ఏం చేసుకోవాలో తెలియలేదు. ఒకడు, "నేనిస్తాలే, ఊరికి పోయినాక ఇద్దువు" అని 20 వేలు చేబదులిచ్చాడు. అవి పోయాక కార్డు గీశాను, ఇంకో 15 వేలు. బ్యాంకులో ఆ డబ్బు మా నాన్న చీనీ (బత్తాయి) తోటలో కాలిపోయిన బోరు మోటారు కోసం పెట్టింది. ఇంటికొచ్చి మా ఆవిడ గాజులు కుదువ పెట్టి మోటారు బాగు చేయించేసరికి పది రోజులు పట్టింది. ఏప్రిల్ ఎండలో పది రోజులు నీళ్లు లేకపోతే చీనీ చెట్టు పిందె ఎట్లా రాలుస్తుందో మా జిల్లావాళ్లకు తెలుసు. నాన్న ఏమీ అడగలేదు. రాలిన పిందెలను గంపలోకి ఏరుతుంటే నేనూ కూర్చుని ఏరాను.

ఆ 15 వేలు నన్ను ముంచలేదు. అవి పోతాయని అనుకునే తీసుకుపోయాను. ముంచింది తర్వాతి 35 వేలు. ఆ తర్వాత ఈ ఎనిమిదేళ్లలో నా దగ్గరికొచ్చి లెక్కలు చూపించినవాళ్లలో దాదాపు అందరి కథా ఇదే. మొదటి డబ్బు అనుకున్నంతే పోయింది. అనుకోని డబ్బు, అంటే ఏటీఎం నుంచి, ఫోన్ నుంచి, పక్కవాడి జేబులోంచి వచ్చింది, ఇల్లు గుల్ల చేసింది. దాన్నే నేను రెండో డబ్బు అంటాను. కాసినో బడ్జెట్ అంటే మొదటి డబ్బు ఎంతో నిర్ణయించుకోవడమని అందరూ అనుకుంటారు. అది సులువైన సగం. అసలు పని రెండో డబ్బు చేతికి అందకుండా చేసుకోవడం.

మనిషి ఎందుకు రెండో డబ్బుకు చేయి చాస్తాడో శాస్త్రం కూడా చెప్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియెల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో రాసిన పరిశోధన ఇదే చూపించింది: లాభంలో ఉన్నప్పుడు మనిషి జాగ్రత్తపడతాడు, నష్టంలో ఉన్నప్పుడు ఆ నష్టాన్ని చెరిపేసుకోవడానికి మామూలుగా తీసుకోని సాహసం తీసుకుంటాడు. షాపులో నూరు రూపాయల తేడాకు గంట బేరమాడే మనిషే 15 వేలు పోయాక ఒక్క పందెంలో 5 వేలు పెడతాడు. ఆ నిమిషంలో అతని లెక్క వేరు.

దానికి తోడు మన సామెత ఒకటి ఉంది, పోయిన చోటే వెతుక్కోవాలని. పేకాట దగ్గర ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. చెవి కమ్మ పోతే పోయిన చోటే వెతకాలి, కమ్మ అక్కడే పడి ఉంటుంది కాబట్టి. టేబుల్ మీద పోయిన డబ్బు టేబుల్ మీద ఉండదు. అది అప్పుడే కాసినో పెట్టెలోకి పోయింది. మళ్లీ పెట్టేది కొత్త పందెం, దానికీ పాతదానికీ సంబంధం లేదు. 1913 ఆగస్టు 18న మోంటే కార్లో కాసినోలో రౌలెట్ చక్రం వరసగా 26 సార్లు నలుపు మీద ఆగింది. పదిహేను దాటినప్పటి నుంచి జనం "ఇప్పుడు ఎరుపు రాక తప్పదు" అని ఎరుపు మీద కుమ్మరించి పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం లేదు. ఇరవయ్యోసారి కూడా ఎరుపుకు ఉన్న అవకాశం మొదటిసారి ఉన్నంతే.

పోయినప్పుడల్లా రెట్టింపు పెట్టే పద్ధతి కూడా ఈ సామెతలోంచి పుట్టినట్టే ఉంటుంది. 500తో మొదలుపెట్టి, పోతే 1,000, తర్వాత 2,000, అట్లా పోతూ ఎప్పుడు గెలిచినా మొత్తం పోయింది తిరిగొచ్చి 500 లాభం. వరసగా ఏడుసార్లు పోతే అప్పటికి పెట్టింది 63,500. ఎనిమిదో పందెం 64 వేలు కావాలి. అంత టేబుల్ ఒప్పుకోకపోవచ్చు, మన దగ్గరా ఉండకపోవచ్చు. వరసగా ఏడు పోవడం అరుదేమీ కాదు, వంద ప్రయత్నాలకు ఒకసారి జరుగుతుంది. ఒక రాత్రిలోనే వంద ప్రయత్నాలు అయిపోతాయి. 500 కోసం 63,500 పణంగా పెట్టే పద్ధతి ఇది.

కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాలను తొలకరి తర్వాత చూసినవాళ్లకు ఈ మనసు తెలుసు. వాన వెలిసిన మరుసటి పొద్దున జనం వంగి, కళ్లు నేలకేసి, రాయి రాయీ తిప్పి చూస్తుంటారు. ఎవరికో వజ్రం దొరికిందని, లక్షలకు అమ్ముడుపోయిందని వార్త వస్తుంది. నడుము నొప్పితో వట్టి చేతులతో ఇంటికి పోయిన వందలమంది గురించి ఏ పేపరూ రాయదు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమానమే చేతిని ఆగనివ్వదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందీ అదే. ప్రతిసారీ గింజ పడే మీటను పావురం ఆకలైనప్పుడు ముక్కుతో పొడిచింది. ఎప్పుడు పడుతుందో తెలియని మీటను మాత్రం వదలకుండా పొడిచింది. స్లాట్ మెషీన్‌లో మూడో బొమ్మ ఒక గడి పక్కన ఆగినప్పుడు "అయ్యో, అంచుదాకా వచ్చింది" అనిపిస్తుంది, కానీ అది ఓటమే. అయితే జొన్నగిరి పొలంలో ఎంతసేపు వంగినా పోయేది ఆ రోజు కూలి మాత్రమే. అక్కడ రెండో డబ్బు లేదు.

ధర్మరాజు కథ మనందరికీ తెలుసు, కానీ అందులో ఒక మెలికను మర్చిపోతాం. మొదటి జూదంలో ఓడినదంతా ద్రౌపది వరాల వల్ల ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. పాండవులు ఇంటిదారి పట్టారు. దారిలో మళ్లీ కబురొస్తే ధర్మరాజు వెనక్కి వెళ్లి మళ్లీ కూర్చున్నాడు. అరణ్యవాసం వచ్చింది ఆ రెండోసారి కూర్చున్నందుకు.

ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

"యాభై వేలు ఎక్కడివిరా?" అని పిల్లోణ్ణి అడిగాను.

"ఈ నెల చీటీ పాడినాలే అన్నా."

చీటీ పాడి ఎత్తిన డబ్బు మన పొదుపు అనిపిస్తుంది. సగం నెలల్లోనే పాడుకుంటే అది అప్పే. ముందున్న నెలలన్నీ కట్టాల్సిందే. కుదువ డబ్బు, క్రెడిట్ కార్డు డబ్బు, పెళ్లికో బోరుకో పెట్టిన డబ్బు కూడా అంతే. వేరుశనగ రైతు ఎంత కరువొచ్చినా విత్తనం కాయలను ముట్టడు. వచ్చే వానకు అవే దిక్కు. ఆటకు పోయే డబ్బు విత్తనం కాయలు కాకూడదు.

ఇద్దరం కాగితం మీద వేశాం. షాపు అద్దె, సరుకు బాకీ, ఇంటి ఖర్చు, చీటీ వాయిదా, పాప స్కూలు అన్నీ పోను నెలకు వాడికి 24 వేల దాకా మిగులుతుంది. అందులో సగం దాటొద్దన్నాను. ఈ సగం నా సొంత కొలత, ఏ శాస్త్రమూ కాదు. ఇంకా తక్కువ అనుకునేవాళ్లతో నాకు గొడవ లేదు. పన్నెండు వేలు, రెండు రాత్రులు, రాత్రికి ఆరు వేలు. రైలు, రూము, కాసినో ప్రవేశ టికెట్ ఇందులో కలవవు. అవి ముందే విడిగా కట్టేయాలి, తిరుగు టికెట్‌తో సహా. ఆ పన్నెండు వేలు రైలెక్కిన రోజే ఖర్చు పుస్తకంలో రాసేయమన్నాను. మిగిలితే ఆదాయం కింద రాసుకోవచ్చు. ముందే ఖర్చయిపోయిందని రాసిన డబ్బును వెతుక్కోవాలనిపించదు.

తర్వాత, పందెం సైజు. ఆరు వేలకు, 40 శాతం పన్ను విడిగా వేస్తే, చేతికొచ్చేది దాదాపు 4,285 విలువ చిప్స్. టేబుల్ మీద కనీస పందెం ఎంతో బోర్డు ఉంటుంది. అది 100 అయితే 42 పందేలు, కాసేపు ఆడినట్టే. 500 అయితే ఎనిమిది పందేలు. పది నిమిషాల్లో అయిపోయి, మిగిలిన రాత్రంతా రెండో డబ్బు వైపు చూస్తూ గడుస్తుంది. నా లెక్కలో చేతిలో ఉన్నదాంట్లో నలభైయో వంతుకు మించి కనీస పందెం ఉన్న టేబుల్ మనది కాదు. స్నేహితులు అక్కడ కూర్చున్నా సరే.

చిప్స్ గురించి ఒక మాట. రెండు ఐదు వందల నోట్లు చేతిలో ఉంటే ఖర్చు పెట్టడానికి కొంచెం మనసు ఒప్పుకోదు. అదే బిళ్ల అయితే వేలికొసల మధ్య తిప్పుతూ తోసేస్తాం. వెయ్యి రూపాయల బిళ్లంటే మన చేలో కలుపు తీసే ఇద్దరి రోజు కూలి అని గుర్తు పెట్టుకోమన్నాను. పిల్లోడు తన అంగడి లెక్కలో మార్చుకున్నాడు, "రెండు పెయింటు డబ్బాల లాభం" అని. ఎవరి కొలత వాళ్లకుండాలి.

ఇప్పుడు రెండో డబ్బు. కార్డులు రూములో వదిలి పోవాలి. ఫోన్‌లో యూపీఐ, ఏటీఎం లిమిట్లు బ్యాంకు యాప్‌లో మనమే తగ్గించుకోవచ్చు, ట్రిప్పుకు ముందే తగ్గించాలి. అక్కడికి పోయాక తగ్గించుకునే మనసు ఉండదు. స్నేహితుల మధ్య రైల్లోనే మాట అనుకోవాలి: కాసినో లోపల ఎవరూ ఎవరికీ చేబదులు ఇవ్వరు, అడగరు. ఇచ్చేవాడు మేలు చేస్తున్నాననుకుంటాడు. నాకు ఇరవై వేలు ఇచ్చినవాడు కూడా మంచివాడే. మందు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. టికెట్‌లో కలిసి ఉందని తాగే మూడో గ్లాసు తర్వాత రైల్లో అనుకున్న మాట ఎవరికీ గుర్తుండదు.

గెలిస్తే? ఆరు వేలు తొమ్మిదైతే, మొదటి ఆరు వేల విలువ చిప్స్ జేబులో వేసుకుని మిగిలినవాటితోనే ఆడితే సరిపోతుంది. గెలిచింది "కాసినో డబ్బు" కాదు, చేతికొచ్చిన నిమిషం నుంచి మనదే. కౌంటర్ దగ్గరికి పోయి నగదుగా మార్చేసుకుంటే ఇంకో లాభం ఉంది. మళ్లీ చిప్స్ కొనాలంటే మళ్లీ 40 శాతం. ఈ పన్ను నాకెక్కడా నచ్చలేదు కానీ, లేచి వచ్చినవాణ్ణి తిరిగి కూర్చోనివ్వకుండా ఆపే గోడగా అది పనికొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా నేను వాడి దగ్గర మాట తీసుకున్నది రెండింటి మీద. ఒకటి, ఎంత తీసుకుపోతున్నాడో వాళ్ల ఆవిడకు చెప్పడం. ఇంట్లో చెప్పలేని అంకె బడ్జెట్ కాదు, దాచిన అప్పు. రెండోది, డబ్బు అయిపోయాక ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవడం. ఇది ఎవరూ అనుకోరు. ఎంత పెట్టాలో రాసుకుంటారు, ఖాళీ చేతులతో మిగిలే నాలుగు గంటలు ఎట్లా గడపాలో రాసుకోరు. నేను రాసుకుని ఉంటే 2017లో మా చీనీ పిందె రాలేది కాదు.

ఇంత చెప్పాక కూడా కొందరికి ఏ బడ్జెట్టూ పనికిరాదు. పోయిన ప్రతిసారీ అనుకున్నదాని కంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు, ఆడటానికి అప్పు చేసినవాళ్లు, ఇంట్లో అబద్ధం చెప్పినవాళ్లు, ఆడకపోతే చిరాకుగా, నిద్ర పట్టకుండా ఉండేవాళ్లు. ఇది బలహీనత కాదు, గుణం చెడ్డదీ కాదు. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యులు, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని మద్యం వ్యసనం పక్కనే వ్యసన రోగంగా లెక్కేస్తున్నాయి. దీనికి చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మన జిల్లావాళ్లకు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దూరమేమీ కాదు, అక్కడ వ్యసనాలకు ప్రత్యేక విభాగం ఉంది. అట్లాంటి స్నేహితుణ్ణి "చూస్తూ ఉండువుగానీ రా" అని గోవాకు వెంట తీసుకుపోవద్దు. చేతులు జోడించి అడుగుతున్నాను.

పిల్లోడు పోయొచ్చాక ఒక సాయంత్రం షాపు మూసి ఆఫీసుకొచ్చాడు. మడతపెట్టిన కాగితం టేబుల్ మీద పెట్టాడు. మొదటి రాత్రి ఆరు వేలు పూర్తిగా పోయాయి, రెండో రాత్రి 2,300 మిగిలాయి. స్నేహితుల్లో ఇద్దరు కార్డులు గీశారట, ఎంతో చెప్పలేదట.

"మొదటి రాత్రి ఎన్ని గంటలకు అయిపోయినాయి?"

"పదిన్నరకే అన్నా."

"మరి తెల్లారేదాకా ఏం చేసినావు?"

"పైన డెక్కు మీద కూర్చున్నా. గాలి బాగా వస్తాది. పాపకు ఫోన్‌లో నది సూపిచ్చినా, నిద్రపోలేదు అప్పటికింకా. తర్వాత అన్నం తిని, ఒంటిగంట పడవకు ఒడ్డుకొచ్చి పడుకున్నా."

కాగితం మీద 2,300 పక్కన వాళ్ల ఆవిడ చేతిరాతతో "స్కూలు బ్యాగు" అని రాసి ఉంది.